నేల కనబడని గోడ: ఉత్తరాంధ్ర తీరంలో రాతిగోడ వెంట స్కూబా డైవింగ్ లెక్కలు

విజయనగరం జిల్లాలో చింతపల్లి, భోగాపురం, శ్రీకాకుళం జిల్లాలో బారువ, కళింగపట్నం. ఈ ఊళ్ల పేర్ల పక్కన స్కూబా డైవింగ్ అనే మాట ఈమధ్య తరచుగా వినబడుతోంది. ఫోన్లలో తిరిగే వీడియోలు మాత్రం అండమాన్‌వో మాల్దీవులవో. నీలి నీళ్లు, నిట్టనిలువుగా కిందికి దిగిపోయే గోడ, దాని పక్కన తాపీగా తేలుతూ పోయే మనిషి. రెండూ కలిసిపోయి మన తీరంలోనూ అదే ఉంటుందన్న ఊహ పాతుకుపోయింది. అడిగేవాళ్లు అడిగే ప్రశ్నలు మూడు: ఎంత లోతు దిగుతారు, ఆక్సిజన్ ఎంతసేపు వస్తుంది, ఈత రావాలా? మొదటి రెండింటికీ ఒక్క అంకెతో జవాబు చెప్పడం కుదరదు. అది ఎందుకు కుదరదో తెలిస్తే గోడ డైవింగ్ సగం అర్థమైనట్టే.

సిలిండర్‌లో ఉన్నది ఆక్సిజన్ కాదు

పత్రికల్లో కూడా 'ఆక్సిజన్ సిలిండర్' అని రాసేస్తుంటారు. డైవర్ వీపున ఉండేది మామూలు గాలి. మనం పీల్చే గాలినే వడపోసి, తేమ తీసి, కంప్రెసర్‌తో 200 బార్ దాకా, అంటే బయటి గాలి ఒత్తిడికి దాదాపు 200 రెట్లు నొక్కి నింపుతారు. అందులో ఐదింట నాలుగు వంతులు నత్రజని, ఒక వంతు ఆక్సిజన్. స్వచ్ఛమైన ఆక్సిజన్ సుమారు 6 మీటర్ల కంటే లోతులో పీలిస్తే నరాల మీద విషంలా పనిచేస్తుంది, మూర్ఛ రావచ్చు. కాబట్టి ఇది మాట పట్టింపు కాదు, ప్రాణానికి సంబంధించిన తేడా.

సిలిండర్ నుంచి వచ్చే గాలిని నోటికి సరిపడే ఒత్తిడికి తగ్గించేది రెగ్యులేటర్. దానికే అంటి ఉండే రెండో నోటిముక్క పక్కవాడి గాలి అయిపోతే ఇవ్వడానికి. ఒంటికి కట్టుకునే గాలిజాకెట్‌ను బీసీడీ అంటారు. అందులోకి గాలి పంపితే తేలతాం, వదిలితే మునుగుతాం. నడుముకు సీసపు బరువులు. చేతికి డైవ్ కంప్యూటర్. ఎంత లోతున ఉన్నాం, ఎంతసేపైంది, ఇంకా ఎన్ని నిమిషాలు ఉండొచ్చు అనేది అది చూపిస్తుంది.

ఇక ఈత సంగతి. శిక్షకుడు చెయ్యి పట్టుకుని తిప్పే తొలి పరిచయపు డైవ్‌కు చాలాచోట్ల ఈత అడగరు. దాని లోతు పరిమితి 12 మీటర్లు. సర్టిఫికెట్ కోర్సుకు మాత్రం 200 మీటర్లు ఈదాలి, 10 నిమిషాలు నీటిమీద తేలి చూపించాలి. మొదటి స్థాయి సర్టిఫికెట్‌తో 18 మీటర్లు, రెండో స్థాయితో 30 మీటర్లు. వినోదానికి చేసే డైవింగ్‌కు మొత్తంగా గీసుకున్న గీత 40 మీటర్లు.

మన గోడలు పగడపు గోడలు కావు

మాల్దీవుల్లో కనిపించే గోడ పగడపు దిబ్బ అంచు. పక్కనే సముద్రం వందల మీటర్ల లోతుకు పడిపోతుంది. మన దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ, పాక్ బే, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లలో ఉన్నాయి. ఆంధ్ర తీరం ఆ జాబితాలో లేదు. దిబ్బలు కట్టే పగడాలకు తేట నీరు, నిలకడైన ఉప్పదనం కావాలి. మన నదులు ఏటా తెచ్చిపోసే ఒండ్రు ఆ రెండింటినీ చెడగొడుతుంది.

మనకున్నవి తూర్పు కనుమల రాళ్లు. ఖోండలైట్, చార్నోకైట్ అనే గట్టి శిలలు. సుమారు 20,000 ఏళ్ల కిందటి మంచుయుగంలో సముద్ర మట్టం ఇప్పటికంటే 120 మీటర్ల దాకా కిందికి ఉండేది. ఇప్పుడు నీళ్లలో ఉన్న గుట్టలు అప్పుడు గాలీవానా తిన్న నేలమీది గుట్టలే. ఈ రాళ్లు పగుళ్ల వెంట విరుగుతాయి. పగులు నిలువుగా ఉన్నచోట గోడ, వాలుగా ఉన్నచోట మెట్లు, పైది నిలిచి కిందిది జారిపోయిన చోట చూరు. అడుగున విరిగిపడ్డ బండలు, ఇసుక, బురద.

చింతపల్లి ఎదురుగా సముద్రంలో రాళ్లున్నాయన్నది కొత్త సంగతి కాదు. ఆ రాళ్ల నుంచి భీమునిపట్నం వెళ్లే ఓడల్ని తప్పించడానికే అక్కడ 1847లో దీపస్తంభం కట్టారు. ఆనాటి ఇంగ్లీషు పత్రాల్లో ఆ ఊరి పేరు 'శాంతపిల్లి' అని ఉంటుంది. ఓడలు తప్పించుకు తిరిగిన ఆ రాళ్లనే ఇవాళ డైవర్లు వెతుక్కుంటూ వెళ్తున్నారు.

మన ఖండపు అంచు నెమ్మదిగా లోతయ్యేది. అందుకని తీరానికి దగ్గరి రాతిగోడ ఎంత నిటారుగా ఉన్నా చాలావరకు 30 మీటర్ల లోపే అడుగు తగులుతుంది. మాల్దీవుల గోడకు నేల ఉండదు. మన గోడకు ఉంది, కానీ చూపు నాలుగు మీటర్లే ఆనే రోజున అది కనబడదు. పైన అలల వెలుగు కనబడదు, కింద ఇసుక కనబడదు, పక్కన రాయి ఒక్కటే. వీడియోలో లేని చిక్కు ఇదే.

దిగేకొద్దీ ఒంటికి ఏమవుతుంది

నేలమీద మనపై ఉన్న గాలి బరువును 1 వాతావరణ పీడనం అంటాం. సముద్రంలో ప్రతి 10 మీటర్లకూ మరొకటి కలుస్తుంది. 10 మీటర్ల దగ్గర 2, 20 దగ్గర 3, 30 దగ్గర 4. గాలి ఉన్న ప్రతి చోటా దీని పని కనిపిస్తుంది: చెవులు, ఊపిరితిత్తులు, మాస్కు, జాకెట్.

మార్పు అన్నిటికంటే తీవ్రంగా ఉండేది మొదటి 10 మీటర్లలోనే, ఎందుకంటే అక్కడే పీడనం ఒకటికి రెండవుతుంది. ఆ పైన 20 నుంచి 30కి వెళితే మూడు నాలుగవుతుంది, అంతే. అందుకే చెవి నొప్పి రెండు మూడు మీటర్లలోనే మొదలవుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊదితే చెవి లోపలి ఒత్తిడి సరిపోతుంది. నొప్పి వచ్చాక ఊదితే ఆ దారి తెరుచుకోదు, మీటరు పైకి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. జలుబు చేసినవాళ్లను దింపకపోవడానికి కారణం ఇదే.

పైకి వచ్చేటప్పుడు ఇదంతా తలకిందులవుతుంది. 10 మీటర్ల దగ్గర ఛాతీ నిండా పీల్చిన గాలి ఉపరితలానికి రెండింతలవుతుంది. ఊపిరి బిగబట్టి వస్తే ఊపిరితిత్తి చిరుగుతుంది. ఛాతీ నిండుగా ఉంటే దానికి మీటరున్నర ఎత్తు చాలు. ఊపిరి ఎప్పుడూ ఆపకూడదన్న నియమం అందుకే స్కూబాలో అన్నిటికంటే ముందు చెబుతారు.

ఇప్పుడు జాకెట్ సంగతి. 10 మీటర్ల దగ్గర జాకెట్‌లో 4 లీటర్ల గాలితో ఒక డైవర్ తేలకుండా మునగకుండా సమంగా ఉన్నాడనుకుందాం. గోడ చూస్తూ చూస్తూ 20 మీటర్లకు జారాడు. పీడనం 2 నుంచి 3 అయింది కాబట్టి ఆ 4 లీటర్లు 2.7 లీటర్లయ్యాయి. అంటే 1.3 కిలోలు తేల్చే బలం పోయింది. బరువెక్కాడు కాబట్టి ఇంకా జారతాడు, జారేకొద్దీ ఇంకా బరువెక్కుతాడు. ఇసుక మైదానం మీద అయితే నేల తగిలి ఆగుతుంది. గోడ పక్కన ఆపేది అతని దృష్టి ఒక్కటే. గోడ డైవింగ్‌లో ఎక్కువ పొరపాట్లకు మొదలు ఇక్కడుంది: రాయి మీద చేప కదిలితే దానితోపాటు కన్ను కిందికి పోతుంది, కన్నుతో ఒళ్లు పోతుంది. అనుభవజ్ఞులు ప్రతి కొన్ని శ్వాసలకూ కంప్యూటర్ చూసేది చేప అందక కాదు, అంకె జారిపోతుందని.

'సిలిండర్ ఎంతసేపు వస్తుంది?' లెక్క వేసి చూస్తే

మామూలుగా వాడే అల్యూమినియం సిలిండర్‌లో నీళ్లు పోస్తే పట్టేది 11 లీటర్లు. 200 బార్‌కు నింపితే 2,200 లీటర్ల గాలి. ఉపరితలంలో డైవర్ నిమిషానికి 20 లీటర్లు పీలుస్తాడనుకుందాం. కొత్తవాళ్లు ఇంతకంటే ఎక్కువే పీలుస్తారు. లోతులో పీడనం ఎంత ఉంటే అన్ని రెట్లు ఖర్చు.

50 బార్ మిగిల్చి, 150 బార్ అంటే 1,650 లీటర్లు వాడదామనుకుంటే:

9 మీటర్ల దగ్గర (1.9 రెట్లు) నిమిషానికి 38 లీటర్లు, సుమారు 43 నిమిషాలు.

18 మీటర్ల దగ్గర (2.8 రెట్లు) నిమిషానికి 56 లీటర్లు, 29 నిమిషాలు.

30 మీటర్ల దగ్గర (4 రెట్లు) నిమిషానికి 80 లీటర్లు, 20 నిమిషాలు.

అదే 18 మీటర్ల దగ్గర ప్రవాహానికి ఎదురీదితే శ్వాస రెండింతలై 29 నిమిషాలు 15 అవుతాయి. సిలిండర్ అదే, మనిషి అదే. ఈ నాలుగు సంఖ్యల్లో ఏది చెప్పినా రెండో ప్రశ్నకు జవాబు అబద్ధం కాదు, నిజమూ కాదు.

ఇక ఆ 50 బార్ చాలా? ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. 18 మీటర్ల దగ్గర జంటలో ఒకరి గాలి పూర్తిగా ఆగిపోయింది. ఇద్దరూ ఒకే సిలిండర్ మీద, కంగారులో, తలా 30 లీటర్ల చొప్పున నిమిషానికి 60 లీటర్లు. సర్దుకోవడానికి అక్కడే 1 నిమిషం: 168 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల వేగంతో 5 మీటర్ల దాకా ఎక్కడానికి దాదాపు ఒకటిన్నర నిమిషం: 190 పైచిలుకు. ఒంట్లో చేరిన నత్రజని పోవడానికి జాగ్రత్త కోసం 5 మీటర్ల దగ్గర 3 నిమిషాల ఆగుడు: 270. అక్కడి నుంచి మెల్లగా పైకి: 75. మొత్తం 700 లీటర్ల పైన. 11తో భాగిస్తే సుమారు 65 బార్.

అంటే 50 బార్ అనేది బోటు ఎక్కేటప్పుడు మిగిలి ఉండాల్సిన అంకె. అడుగున ఉండగా తిరుగుముఖం పట్టడానికి చూసుకునే అంకె కాదు. వెళ్లిన దారినే వెనక్కి రావాలంటే 200 నుంచి ఈ 65 తీసేయగా మిగిలిన 135లో సగమే పోవడానికి వాడాలి. అంటే గేజి 130 దాటి కిందికి రాకముందే వెనక్కి తిరగాలి. బోటు బుడగల వెంట నడిచొచ్చే ఏర్పాటుంటే వెనక్కి ఈదే పని తప్పుతుంది. కానీ అప్పుడు బోటువాడికి డైవర్లు ఎక్కడున్నారో కనిపించాలి. ఉబ్బించి పైకి వదిలే నారింజ రంగు గొట్టపు బెలూన్, తాడు చుట్ట మన తీరంలో తప్పనిసరి సామాను కింద లెక్క.

నత్రజని, అరకు ఘాట్ రోడ్డు

లోతులో పీల్చే గాలిలోని నత్రజని రక్తంలో, కొవ్వులో కరుగుతుంది. మెల్లగా పైకి వస్తే ఊపిరి ద్వారా వెళ్లిపోతుంది. గబుక్కున వస్తే సోడా మూత తీసినట్టు బుడగలవుతుంది. కీళ్ల నొప్పి, తిమ్మిరి, కాళ్లు పడిపోవడం దాకా వెళ్లొచ్చు. ఆగకుండా నేరుగా పైకి రాగలిగే గరిష్ఠ సమయాన్ని పట్టికలు చెబుతాయి. ఎక్కువమంది వాడే ఒక వినోద డైవింగ్ పట్టిక ప్రకారం 12 మీటర్లకు 147 నిమిషాలు, 18కి 56, 30కి 20, 40కి 9.

ఈ అంకెల్ని పైనున్న గాలి లెక్క పక్కన పెట్టి చూడండి. 18 మీటర్ల దగ్గర నత్రజని 56 నిమిషాలు ఇస్తోంది, గాలి 29 నిమిషాలకే అయిపోతోంది. 30 దగ్గర రెండూ 20 దగ్గర కలుసుకుంటున్నాయి. లోతు తక్కువైనప్పుడు గాలి గేజి కాపలా కాస్తుంది. లోతు పెరిగాక రెండు గడియారాలూ ఒక్కసారే మోగుతాయి, తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు. గోడ వెంట ముందు లోతైన భాగం చూసి, తర్వాత మెల్లమెల్లగా పైకి వస్తూ చూడడం అనే అలవాటు ఇందుకే వచ్చింది. గోడకున్న గొప్ప సౌకర్యం కూడా ఇదే: పైకి వస్తున్నంతసేపూ చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుంది, చివరి 3 నిమిషాల ఆగుడు విసుగనిపించదు.

మన జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఉదయం చింతపల్లిలో డైవ్, మధ్యాహ్నం శృంగవరపుకోట మీదుగా అరకు. చాలామందికి సహజంగా తోచే రెండు రోజుల ప్రయాణం ఇది. అరకు లోయ సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన. ఎత్తుకు పోతే చుట్టూ పీడనం తగ్గుతుంది, ఒంట్లో మిగిలిన నత్రజనికి బుడగ కట్టే వీలు పెరుగుతుంది. విమానం ఎక్కడానికి ఒక డైవ్ తర్వాత కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగమని చెప్పే మార్గదర్శకాలు 600 మీటర్ల పైబడిన ఎత్తుకు వర్తించేవే. కారులో ఎక్కినా కొండ కొండే. ముందు అరకు, తర్వాత సముద్రం అని వరస మార్చుకుంటే చిక్కే లేదు.

పైన ప్రశాంతం, కింద ఊపు

ఒడ్డున నిలబడి చూస్తే సముద్రం అద్దంలా ఉంటుంది. దిగాక రాతి దగ్గర ఒళ్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. దీనికి కారణం కెరటం ఎత్తు కాదు, ఒక కెరటానికీ తర్వాతి కెరటానికీ మధ్య వ్యవధి. దగ్గర్లో వీచే గాలికి లేచే అల 5, 6 సెకన్లకొకటి వస్తుంది. హిందూ మహాసముద్రపు దక్షిణ కొస తుపానుల నుంచి నడిచొచ్చే స్వెల్ 12 నుంచి 15 సెకన్లకొకటి.

రెండింటి ఎత్తూ 1 మీటరే అనుకుందాం. 15 మీటర్ల లోతున 6 సెకన్ల అల అడుగు నీటిని సుమారు 35 సెంటీమీటర్లు ముందుకూ వెనక్కూ జరుపుతుంది. 14 సెకన్ల స్వెల్ అదే చోట ఒకటిన్నర మీటర్లకు పైగా జరుపుతుంది. గోడకు అరగజం దూరంలో ఉన్నవాడికి మొదటిది ఉయ్యాల. రెండోది బార్నకిల్స్ అనే పదునైన గుల్లలతో నిండిన రాతికి వీపు రాసుకోవడం. గోడ పైఅంచు దగ్గర, బండల సందుల్లో నీరు ఇరుకునపడి ఇంకా వేగంగా కదులుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) రోజూ ఇచ్చే సముద్ర సూచనల్లో స్వెల్ ఎత్తుతో పాటు ఈ వ్యవధి కూడా ఉంటుంది. డైవింగ్‌కు రెండో అంకె ఎక్కువ పనికొస్తుంది.

ప్రవాహం వేరు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట నీరు ప్రధానంగా ఈశాన్యానికి, ఇచ్ఛాపురం వైపు నడుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తిరగబడి నైరుతికి. గంటకు 2 కిలోమీటర్లకు దగ్గరైన ప్రవాహానికి ఎదురు మనిషి ఎంతోసేపు ఈదలేడు. అలాంటి నీరు గోడకు ఎదురుగా తగిలితే కొంత పైకి, కొంత కిందికి చీలుతుంది. కిందికి లాగే పాయలో పడ్డప్పుడు గుర్తు: మన బుడగలు పైకి పోకుండా పక్కకో కిందికో వెళ్తుంటాయి. ఆ పాయ గోడను ఆనుకునే ఉంటుంది, వెడల్పు తక్కువ. అందుకే డైవర్లకు నేర్పేది నిటారుగా పైకి కొట్టుకోవడం కాదు, గోడ నుంచి ఏటవాలుగా దూరం జరగడం, లేదా రాతిని పట్టుకుని చేతుల మీద ఎక్కడం.

చూపు ఎప్పుడు ఆనుతుంది

నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, చంపావతి. ఇన్ని నదులు ఇంత చిన్న తీరంలో సముద్రంలో కలుస్తాయి. వానాకాలంలో ఆ నీరు తేలికగా పైన పరుచుకుని, ఒండ్రుతో కింద చీకటి చేస్తుంది. అక్టోబరు తుపానుల నెల, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఆ నెలలో వచ్చినవే. నదులు తగ్గి, గాలి ఇంకా పెరగని జనవరి నుంచి ఏప్రిల్ మధ్య రోజుల్ని మంచి కాలంగా చెబుతారు.

అయితే ఒండ్రు పోతే నీరు తేటపడుతుందని కాదు. వేసవి మొదట్లో తీరం వెంట వీచే నైరుతి గాలి పైనీటిని లోపలికి తోస్తే అడుగు నుంచి చల్లని నీరు లేస్తుంది. దాంతో పోషకాలు, వాటితో ప్లాంక్టన్ అనే నీటిలో తేలే సూక్ష్మజీవులు పెరిగి నీరు పచ్చబడుతుంది. చేపలకు పండగ, కెమెరాకు కాదు. అదే పచ్చదనం వల్ల రాతిగోడ నిండా స్పాంజీలు, మెత్తని పగడాలు, విసనకర్రలాంటి సీఫ్యాన్‌లు పెరుగుతాయి. లోతులో ఎరుపు రంగు ముందే ఆరిపోతుంది కాబట్టి ఇవన్నీ బూడిద రంగులో కనిపిస్తాయి. టార్చి వేస్తే నారింజ, ఎరుపు బయటపడతాయి. పగలైనా టార్చి తీసుకెళ్లేది అందుకే.

రాళ్లకు చిక్కిన వలలు

చేపలు రాళ్ల దగ్గర చేరతాయి, వలలూ అక్కడికే వస్తాయి. చిక్కి తెగిన నైలాన్ వల ఏళ్ల తరబడి రాతిని చుట్టుకునే ఉంటుంది. మసక నీటిలో అది దాదాపు కనబడదు. ముందుగా చిక్కేది సిలిండర్ వాల్వు, కాలికి తొడిగే ఫిన్ బెల్టు. గింజుకుని తిరిగితే మరో చుట్టు పడుతుంది. వెనక్కి జరగడం, జంటవాడితో కోయించుకోవడమే దారి. పెద్ద కత్తి కంటే చిన్న లైన్ కట్టర్, చేతికి అందేచోట, రెండు ఉంటే మంచిది. గోడ చూరు కిందికి దూరకపోవడానికి రాయి కూలుతుందన్న భయం కంటే ఈ వలల భయమే పెద్ద కారణం.

ఏకాభిప్రాయం లేని విషయాలు

కొత్తవాళ్లను గోడ దగ్గరికి తీసుకెళ్లవచ్చా అన్నది మొదటిది. వద్దనేవాళ్లు చెప్పేది పైన చెప్పిన జారుడు సంగతే: జాకెట్ మీద అదుపు రానివాడికి నేల కనిపించే చోటు కావాలి. తీసుకెళ్లవచ్చు అనేవాళ్ల వాదన కూడా తీసిపారేసేది కాదు. శిక్షకుడు చేత్తో పట్టుకుని, గోడ పైఅంచున 6, 8 మీటర్ల దగ్గరే ఉంచితే, కంటికి ఒక ఆసరా ఉంటుంది. ఏమీ కనబడని పచ్చనీటి మధ్య కంటే కొత్తవాడికి అక్కడే కంగారు తక్కువ అంటారు. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: ఒక శిక్షకుడికి ఎంతమంది అన్నదే అసలు ప్రశ్న. చూపు 3 మీటర్లున్న రోజు నలుగురిని ఒకరు చూసుకోలేరు. ఈ విషయంలో నేను వద్దనేవాళ్ల వైపే మొగ్గుతాను, ఎందుకంటే మన తీరంలో చూపు బోటు ఎక్కేటప్పుడు తెలియదు, దిగాకే తెలుస్తుంది.

రెండోది కంప్యూటర్ మీద ఎంత ఆధారపడాలన్నది. గోడ వెంట లోతు నిమిషనిమిషానికీ మారుతుంది. పట్టిక మాత్రం డైవ్ అంతా గరిష్ఠ లోతులోనే గడిపినట్టు లెక్కేస్తుంది. కంప్యూటర్ నిజంగా గడిపిన లోతుల్నే లెక్కిస్తుంది కాబట్టి ఎక్కువ సమయం ఇస్తుంది. అది ఇచ్చే ఎక్కువ సమయమే ప్రమాదం అనేవాళ్లున్నారు, ఎందుకంటే ఒంట్లో నీరు తగ్గినవాడికీ, రాత్రి నిద్రలేనివాడికీ అది ఒకే అంకె చూపిస్తుంది.

మూడోది అన్నిటికంటే సున్నితమైనది. రాళ్ల జాడలు మత్స్యకారులవి. ఒడ్డునున్న కొండనూ గుడినీ ఒక వరసలో పెట్టి, ఇంకో గుర్తుతో అడ్డంగా కోసి, తరాలుగా మనసులో దాచుకున్న చోట్లవి. గాలం వేసేవాళ్లకు ఆ రాయి పొలం లాంటిది. డైవింగ్ బోట్లు వచ్చి లంగరు వేస్తే చేప చెదురుతుందని, జాడ బయటపడితే బయటి మరబోట్లు వస్తాయని వాళ్ల బాధ. డైవర్ల పక్షాన చెప్పే మాట, చిక్కిన వలలు కోసి తీయగలిగేది తామేనని, బోట్లూ నడిపేవాళ్లూ ఆ ఊరివాళ్లే కాబట్టి ఆదాయం అక్కడే ఉంటుందని. లంగరు విషయంలో మాత్రం వాదనకు చోటు లేదు. గోడ పైఅంచున ఈడ్చుకుపోయే ఇనుప కొక్కెం నిమిషంలో చిదిమే సీఫ్యాన్ ఆ పరిమాణానికి పెరగడానికి ఏళ్లు పడుతుంది. పక్కనున్న ఇసుకలో ఒక బరువు దించి, దానికి తాడు, తాడుకు తేలే బుంగ కట్టి ఉంచితే డైవింగ్ బోటూ గాలం పడవా రెండూ దానికే కట్టుకోవచ్చు. ఆ బుంగ వేశాక రాయి జాడ అందరికీ తెలిసిపోతుంది. గాలం వేసేవాళ్లు అందుకే దానికి ఒప్పుకోరు.